చేపకు స్వస్థత

మా ఆయన మద్రాసు నుంచి గాజు తొట్టినీ, అందులో వేయడానికి ఒక ఎర్రచేపనూ తెచ్చిననాడు మా అత్త వాటి వంక చూడను కూడా చూడలేదు. అరవైల మొదట్లో కావలిలో చేపను పెంచే ఇల్లు, నాకు తెలిసి, మాదొక్కటే. సముద్రం నుంచి గంపల్లో వచ్చే చేపల్ని కొని తినే ఊళ్ళో, తినని చేపకు తిండి పెట్టడమేమిటని ఆమె గొణిగేది. మా ఆయనా నేనూ బడిపంతుళ్ళం. తొట్టిని ముందు గదిలో, వచ్చినవాళ్ళ కంట పడేలా పెట్టుకున్నాం. గొప్పకే పెట్టుకున్నాం, అబద్ధమెందుకు?

తీరా దాని మీద మమకారం పుట్టింది అత్తకే. మేం బడికి పోతే ఇంట్లో ఆమెకు తోడు ఆ చేపే. దానితో ఏవేవో మాట్లాడుతూ ఉండేది, మేం గడపలో అడుగు పెట్టగానే ఏమీ ఎరగనట్టు చాట అందుకునేది.

ఒక చలికాలం ఆ చేప ఒంటి నిండా రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు లేచాయి. రెక్కలు ముడుచుకుని ఓ మూల ఉండిపోయింది. తొట్టి అమ్మినవాడు చెప్పిన మాట గుర్తు తెచ్చుకుని, మా ఆయన బేసిన్లో నీళ్ళు పోసి, రాళ్ళ ఉప్పు కరిగించి, చేపను అందులోకి మార్చారు. నీళ్ళు మార్చడం, బేసిన్ని వసారాలో నీరెండకు జరపడం అత్త పని. ఉప్పు ఎక్కువైందేమోనని కూరకు చూసినట్టు వేలు ముంచి నాలుకకు రాసుకుని చూసేది.

ఆ వారం మా చర్చి స్త్రీల కూడికలో, ప్రార్థన అవసరాలుంటే చెప్పమన్నారు. రైలుకట్ట అవతల ఉండే ఒకామె, తన భర్తకు దగ్గు తగ్గలేదనీ, మంచం దిగడం లేదనీ చెప్పింది. ఆ వెనకే మా అత్త లేచి, మా ఇంట్లో జబ్బుగా ఉంది, జ్ఞాపకం చేసుకోండని చెప్పి కూర్చుంది. జబ్బు ఎవరికన్నది చెప్పడానికి ఆమెకు సిగ్గేసిందట. మా కూడికవాళ్ళు అడగరు కూడా. ఇంటికొచ్చి చూస్తారు.

శనివారం రానే వచ్చారు. ముందు పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. వెనక ఆడవాళ్ళు, చేతుల్లో రొట్టె, అరటిపళ్ళు. రైలుకట్ట అవతలామె కొంగులో గుడ్లు కట్టుకొచ్చింది. నేను వంటింట్లో వంజరం చేప ముక్కలు వేయిస్తున్నదాన్ని కారం చేతులతోనే బయటికొచ్చాను. అందరూ నన్ను ఎగాదిగా చూశారు. నాకేం, నిక్షేపంగా ఉన్నాను. అరుగు మీద పేపరు చదువుకుంటున్న మా ఆయనా బాగానే ఉన్నారు. చివరికి అత్త ఎండలో ఉన్న బేసిన్ని చూపించింది.

వాళ్ళు నవ్వినా బాగుండేది. ఎవరూ నవ్వలేదు. చేపల వేపుడు వాసన ఇల్లంతా కమ్ముకుంది. నాకు తల తీసేసినట్టయింది. అమ్మగారు పెద్ద మనసు చేసుకుని, ఎలాగూ వచ్చాం కదా, ప్రార్థన చేసి పోదామన్నారు. బేసిన్ చుట్టూ ముసుగులు వేసుకుని నిలబడ్డాం.

అంతా అయ్యాక రైలుకట్ట అవతలామె నెమ్మదిగా అంది: "మా ఇంటికి గూడా వస్తారని ఇల్లు అలికి పెట్టొచ్చినానమ్మా."

పొద్దుపోయింది, ఇంకోసారి వస్తామన్నారు అమ్మగారు. పంతుళ్ళ ఇల్లు ముందు, ఆమె ఇల్లు తర్వాత. ఆ వరస ఎవరూ పెట్టింది కాదు, ఎన్నడూ తప్పిందీ కాదు. ఆ రోజుదాకా నాకది వరస అని కూడా తట్టలేదు. గుడ్లు మీ ఆయనకు పెట్టమని నేనెంత బతిమాలినా ఆమె తిరిగి తీసుకోలేదు.

చేపకు తగ్గింది. చుక్కలు పోయి, తొట్టిలో మళ్ళీ గిరగిరా తిరగసాగింది. అత్త మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ప్రార్థన చేయించుకున్నాక జబ్బు నయమైతే, కూడికలో లేచి సాక్ష్యం చెప్పాలి.

"కట్ట అవతలి ఆ బిడ్డ ముందర నేనేమని చెప్పేదే? ఇది చచ్చిపోయినా బాగుండె" అంది. అంటూనే ఇంత మెతుకు నలిపి తొట్టిలో వేసింది.

ఆ వారమంతా ముసురు. అమ్మగారు వాళ్ళు కట్ట దాటలేదు. మేమిద్దరమన్నా వెళ్ళి చూసి రావలసింది. ఏ మొహం పెట్టుకుని పోతామని ఆగిపోయాం.

కూడికలో అమ్మగారు అత్త వైపు చూశారు. అత్త లేచి, ముసుగు సర్దుకుని, "తగ్గింది" అని కూర్చుంది. అప్పుడు రైలుకట్ట అవతలామె, మనస్ఫూర్తిగా, అందరికంటే ముందుగా "స్తోత్రం" అంది. మిగతావాళ్ళు అందుకున్నారు.

తర్వాత ఆమె లేచింది.

"మా ఆయన అట్నే ఉండాడమ్మా. ఈ వారం గూడా జ్ఞాపకం చేసుకోండి."

అందరూ తలలు వంచారు. నా తల అప్పటికే వంగి ఉంది.