కుందేళ్లకు పెట్టిన ప్రసాదం

ఈ కబురు మొదట నాకు తెచ్చింది మా ఆడబిడ్డ కూతురు శ్రావణి. ప్రొద్దుటూరులో ఫార్మసీ చదువుతోంది.

"అత్తా, కొత్త మందులు పరీక్ష చేసేకి ఇంగ జంతువులే కావాలని యేం లేదంట. మనిషి కణాలు గాజు పళ్లెంలో పెంచి చూడొచ్చు, కంప్యూటర్లో గూడా చూడొచ్చు అని మన దేశంలో రూలు మార్చినారు. నీ కుందేళ్లు బతికిపోయినాయిలే," అని నవ్వింది.

దేవుడికి దండం పెట్టుకున్నాను. చేతులు దించలేకపోయాను. ఏళ్ల తరబడి మోస్తున్న బరువు ఆ మాటతో కదిలింది. ఇది చదివే మీతో కాక ఎవరితో చెప్పను?

పులివెందుల దగ్గర ఒక మందుల పరీక్షా కేంద్రంలో కుందేళ్లకు మేత వేసే పని నాది. గదులు కడిగేది జమ్మలమడుగు మస్తాన్‌బీ. చక్కెర జబ్బు మందు పరీక్షకు కుందేళ్లను ముందురోజు నుంచీ పస్తుంచుతారు. అలా పస్తుంచిన ఒక రోజు ఏకాదశి. నాదీ ఉపవాసమే. బోను దగ్గరికి పోతే అవి ముక్కులాడిస్తూ నా చేతికేసి చూశాయి. కొంగున పొద్దుటి పూజ ప్రసాదం, కొబ్బరీ బెల్లమూ ఉన్నాయి. ఉపవాసమున్న నేనే కళ్లకద్దుకుని తిన్నాను కదా, ప్రసాదంతో పస్తు చెడదని మా నాయన ఇంట్లో అక్షరాలతో పాటు నేర్పాడు కదా, అనుకుని తలా ఇంత పెట్టాను.

వాటి రక్తంలో చక్కెర పెరిగింది. పరీక్ష చెడింది. కొత్త కుందేళ్లను తెచ్చి మళ్లీ సూదులు పొడిచారు. నేను జాలి అనుకున్నది ఎన్ని ప్రాణాల మీదికి తెచ్చింది? బోను అడుగున బెల్లం పలుకులు దొరికాయి. గది కడిగేది మస్తాన్‌బీ కాబట్టి తప్పు ఆమెదే అన్నారు. పనిలోంచి తీసేశారు.

గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"ఒట్టేసినా సారు నమ్మల్యాక్కా. నువ్వు పూజలు జేసేదానివి, నీ మాట యింటాడు. ఎవురు పెట్టినారో నువ్వేమన్నా చూసినావా?"

"ల్యా మస్తానూ. నేనేం చూల్యా."

"పోనీలే. బెల్లం కుందేళ్లకు, చేదు నాకు," అని నవ్వబోయింది.

పని పోతుందని భయపడ్డానా? కాదేమో. భక్తురాలినన్న పేరు పోతుందని. ఇంకా నడక రాని కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి మస్తాన్‌బీ కువైట్‌లో ఇంటి పనికి పోయిందని తర్వాత విన్నాను.

అన్నానికీ నీళ్లకూ, నీడకూ కూడా రోజూ దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే మనిషిని. ఆ పనిలో మిగిలినందుకు మాత్రం ఒక్కనాడూ నోరు రాలేదు.

రూలు మారింది. కుందేళ్లకు మేలు జరుగుతుందేమో. మస్తాన్‌బీకి? మిమ్మల్ని క్షమాపణ అడగడం లేదు, అది మీరు ఇచ్చేది కాదు. పెట్టింది నేనే. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.

మీరు దీపం పెట్టుకున్నా, నమాజు చేసుకున్నా, ఒక్కసారి జమ్మలమడుగు మస్తాన్‌బీని తలుచుకోండి. ఆ బెల్లం ఆమె పెట్టలేదు.