గుండీల డబ్బాలో మాత్ర

మా వీధి దర్జీ గుండీ కుట్టేటప్పుడు తర్వాత కుట్టాల్సిన గుండీని పెదవుల మధ్య పట్టుకుంటాడు. అందుకే ఎవరేమడిగినా ఆయన జవాబు "ఊఁ".

సాయంత్రమైతే మాత్రం ఆ పెదవులకు సీసా కావలసి వచ్చేది. చేతులు వణికేవి. ఒకసారి ఒకే చొక్కాకు రెండూ ఎడమ చేతులే కత్తిరించాడు. ఆ రోజే భార్య కత్తెర లాక్కుని దేవుడి పటం వెనక పెట్టేసింది. కత్తిరింపు తాను తీసుకుని, ఆయనకు గుండీలు అప్పజెప్పింది. గడ్డం నెరిసిన దర్జీకి అంతకన్నా తలవంపు ఏముంటుంది?

ఆసుపత్రికి తీసుకెళ్లిందీ ఆవిడే. మంచానికి కట్టేస్తారేమోనని ఆయన చంకలో దుప్పటి పెట్టుకుని మరీ వెళ్లాడు. డాక్టరమ్మ దుప్పటి చూసి నవ్వి, రక్తపరీక్ష చేయించి ఇంటికి పంపేసింది. రోజుకో మాత్ర వేసుకుంటే తాగాలన్న యావ తగ్గుతుందట. వారం వారం వచ్చి కనపడితే చాలట.

మొదట్లో ఒకరోజు మాత్రను నాలుక కింద దాచి ఉమ్మేస్తూ భార్యకు దొరికిపోయాడు. ఇంకోసారి ఇలా చేస్తే కత్తెర పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానంది. అప్పటినుంచి బుద్ధిగా మింగాడు. యావ తగ్గింది, చేతులు కుదుటపడ్డాయి. టీ కొట్టతను అడక్కుండానే టీతో పాటు గ్లాసుడు నీళ్లు పంపేవాడు. ఇలాంటి దయలు దేవుడు ఎవరో ఒకరి చేతికిచ్చే పంపుతాడు.

మరిచిపోకుండా ఉండాలని రోజూ మాత్రను గుండీల డబ్బా మూతలో పెట్టుకునేవాడు. ఒక పొద్దున ఎవరితోనో మాట్లాడుతూ మింగి, నీళ్లు తాగి, చొక్కా ఒళ్లో వేసుకున్నాడు. గుండీ అందుకుని సూది గుచ్చబోతే దిగలేదు. తిప్పి చూస్తే రంధ్రాల్లేవు. చేతిలో ఉన్నది మాత్ర!

భార్య చూస్తే మళ్లీ ఎగ్గొట్టాడనుకుంటుంది, కత్తెర మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇప్పుడు గుటుక్కున మింగేస్తే ఎవరికీ తెలియదు. చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగింది. లేచి భార్య ముందు అరచెయ్యి చాపాడు.

"ఏమే, గుండీ మింగేశాను."

ఆవిడ మిషను ఆపింది. "ఎవరి చొక్కాది?"

"హెడ్మాస్టరుగారిది."

ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ముందు మాత్ర మింగించి, తర్వాత డాక్టరమ్మకు ఫోను చేసింది. చిన్న గుండీ కాబట్టి దాని దారి అదే చూసుకుంటుందని, నొప్పి వస్తే మాత్రం వెంటనే రమ్మని ఆమె చెప్పింది. అవతల ఆమె కూడా నవ్వు ఆపుకుంటున్నట్టే ఉంది.

ఆవిడ స్టూలెక్కి పటం వెనకనుంచి కత్తెర తీసి, దుమ్ము తుడిచి ఆయన ముందు పెట్టింది.

"ఆ రోజు నేను పట్టుకున్నాను. ఇవాళ మీరే వచ్చి చెప్పారు."

కొత్త గుడ్డ అంచు తాను పట్టుకుని, "చేతులు ఒకటి కుడి, ఒకటి ఎడమ" అని గుర్తుచేసింది.

"ఊఁ" అన్నాడాయన. పెదవుల మధ్య మాత్రం ఏమీ లేదు.