పొద్దున్నే గాలి కొట్టే అచ్చాయమ్మ

అచ్చాయమ్మ మా నాన్నకి మేనత్త. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. రామచంద్రపురంలో ఇప్పటికీ ఆవిడ పేరెత్తితే ముసలివాళ్ళలో కొందరు నవ్వుతారు, కొందరు మొహం ముడుచుకుంటారు. మొహం ముడుచుకునేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్ళకి కథ ఎలాగూ తెలుసు.

ఆవిడ భర్త వీరబ్రహ్మం బండిచక్రాలు చేసే వడ్రంగి. కాలవ వంతెన పక్కన, ఊరి కామందు పల్లంరాజు గారి తండ్రి ఇచ్చిన స్థలంలో చిన్న కొట్టు ఉండేది. కాలవల మీద పనిచేసిన ఇంజనీరు దొర ఒకాయన ఊరు విడిచి వెళ్ళిపోతూ తన పాత సైకిళ్ళు రెండు వీరబ్రహ్మానికి వదిలేశాడు. ఆయన వాటిని విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, ఏడాది తిరిగేసరికి కొట్టుని సైకిలుషాపు చేసేశాడు. ఇది పంతొమ్మిది వందల మూడు, నాలుగు ప్రాంతాల మాట. టీకాలు వేసే ఆయన, కాలవల ఓవర్సీరు, వకీలు గుమాస్తా, పొలాలున్న కుర్ర కామందులు, ఇలా ఊళ్ళో సైకిలెక్కే వాళ్ళందరికీ అదొక్కటే దిక్కు. పంక్చరు అతకడం, వంగిన చక్రం సరిచెయ్యడం, సైకిలు అద్దెకివ్వడం, కొత్తగా ఎక్కేవాళ్ళని పడకుండా పట్టుకుని వెనకాలే పరిగెత్తడం, అన్నీ ఆయనే.

ఒక్క గాలి కొట్టడం తప్ప. వీరబ్రహ్మానికి ఉబ్బసం. మద్రాసు నుంచి తెప్పించిన నిలువు పంపుని నాలుగుసార్లు నొక్కితే ఆయనకే గాలి అందేది కాదు. అందుకని మొదటి రోజు నుంచీ పంపు అచ్చాయమ్మదే. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, పంపు అడుగుని రెండు పాదాలతో తొక్కిపట్టి, పొద్దున్నే ఊరి చక్రాలన్నిటికీ గాలి కొట్టి పంపేది. ఆడమనిషి ఇదేంటని మొదట్లో ముక్కున వేలేసుకున్నారు. తర్వాత అలవాటుపడ్డారు. చక్రం మెత్తగా ఉంటే కాళ్ళు పీకుతాయి కదా మరి.

వీరబ్రహ్మం ఒక వానాకాలం జ్వరం తగిలి పోయాడు. పెద్ద కర్మ అయ్యాక అచ్చాయమ్మ గాజుల్లేని చేతులతో షాపు చెక్కలు తీసింది. పంక్చరు వెయ్యడం, చక్రం సరిచెయ్యడం ఆయన పక్కన కూర్చుని ఎప్పుడో నేర్చుకుంది. పనికేం లోటు లేదు. కానీ ఎవరూ రాలేదు.

ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. పొద్దున్నే పని మీద బయల్దేరుతూ మొగుడు పోయినదాని మొహం ఎవరు చూస్తారు? నిన్నటిదాకా ఆ చేతులే గాలి కొట్టాయి, ఆ మనిషి మొహమే చూసి వెళ్ళి పనులు చక్కబెట్టుకొచ్చారు. ఈ సంగతి తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. టీకాలాయన షాపు రాకముందే దిగి, సైకిలు నడిపించుకుంటూ వెనకసందులోంచి పోయేవాడట. గాలి లేని సైకిలు, పైగా తోసుకుంటూ. వాహనయోగం అంటే అదీ.

తునిలో ఆవిడ మరిది వీరాస్వామి ఉండేవాడు. బంగారప్పని చేసేవాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకుందును. షాపు అమ్మేసి తమ ఇంటికి వచ్చెయ్యమని, ముగ్గురు పిల్లలున్న ఇల్లు గనక వంటకి సాయంగా ఉంటుందని కబురంపాడు. వంటకి సాయం అంటే మొత్తం వంట అని ఆవిడకి తెలుసు. రానంది.

ఇంతలో ఊరే ఒక దారి కనిపెట్టింది. కనిపెట్టింది వకీలు గుమాస్తా చిట్టియ్య. ఆయన దీపాలవేళ సైకిలు తీసుకొచ్చాడు. తిరగాల్సిన తిరుగుడు అయిపోయింది, ఇంటికెళ్ళి పడుకోవడమే, ఇప్పుడు ఎవరి మొహం చూస్తే ఏమిటి? అది చూసి ఓవర్సీరు వచ్చాడు, టీకాలాయన వచ్చాడు. పొద్దున షాపు ముందు కాకి కూడా వాలేది కాదు, సాయంత్రమైతే తిరునాళ్ళే. అచ్చాయమ్మకి బియ్యానికి లోటు లేకుండా పోయింది. వీరాస్వామి కూడా అయితే సరేనన్నాడు.

కొన్నాళ్ళు ఆవిడా ఊరుకుంది. ఒక సాయంత్రం చిట్టియ్య గాలి కొట్టించుకుంటూ, మంచిగానే, ఈ పద్ధతి బాగుందమ్మా, మీకూ ఇబ్బంది లేదు, మాకూ లేదు అన్నాడు. ఆవిడ పంపు ఆపేసింది.

"పొద్దున్న నా మొహం పనికిరానివాళ్ళకి సాయంత్రం నా చెయ్యెందుకండీ?" అంది.

మర్నాటి నుంచి పొద్దు వాలకముందే చెక్కలు మూసెయ్యడం మొదలుపెట్టింది. గాలి కావాలంటే పొద్దున్నే రావాలి, వీధి వైపు పీట వేసుకుని కూర్చున్న ఆవిడ ఎదటికే రావాలి. కళ్ళు నెత్తికెక్కాయన్నారు. పస్తులుంటే దిగొస్తుందన్నారు. పస్తులుంది కూడా. గంజి తాగి, పొద్దున్నే పంపు తుడిచి, పీట వేసుకుని కూర్చునేది. మా నాన్న అప్పుడు చంకలో పిల్లాడు. మా తాత, అంటే ఆవిడ అన్న, బియ్యం పంపిస్తే వెనక్కి పంపేసింది. అన్న బియ్యం తిని చేసే పంతం పంతం కాదందట.

వీరాస్వామి ఇక లాభం లేదని, షాపు సామాను అమ్మడానికి ద్రాక్షారామంలో ఒక బేరం కుదుర్చుకుని, ఎండాకాలం కాలవలు కట్టెయ్యగానే బండి తీసుకుని వస్తానని చెప్పి పంపాడు.

కాలవలు కట్టేస్తే నీళ్ళుండవు, పడవలూ ఉండవు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాకినాడ కోర్టులో ఒక పొలం గట్టు తగాదా తీర్పుకొచ్చింది. ఒక పక్షం పల్లంరాజు గారు. తండ్రి పోయాక ఆస్తంతా చూసుకుంటున్న కుర్రాయన, షాపు స్థలం కూడా ఆయనదే. రెండో పక్షం వకీలుకి మన చిట్టియ్య గుమాస్తా. కాగితాలతో పొద్దున్నే కాకినాడ చేరాలి. ఎండకి ఆయన సైకిలు రెండు చక్రాలూ పీల్చుకుపోయి ఉన్నాయి.

చిట్టియ్య వచ్చాడు. ఎలా వచ్చాడనుకున్నారు? అటు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ, సైకిలుని షాపు వైపు తోస్తూ. ఆవిడ పీట మీంచి లేవలేదు. ఇటు తిరిగి అడిగితేనే కొడతానంది. పాపం, ఎండ ఎక్కుతోంది. తిరిగాడు. కళ్ళు తెరవమంది. తెరిచి, గాలి కొట్టండమ్మా అన్నాడు. క్షణాల్లో కొట్టి పంపేసింది.

ఆయన అటు వెళ్ళాడో లేదో ఇటు పల్లంరాజు గారు సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. ఆయనదీ కోర్టు ప్రయాణమే. కాలవ గట్టు మీద తుమ్మముల్లు వెనక చక్రంలో దిగింది. పంక్చరు కదా, గాలి కొట్టినంత తొందరగా అవదు. ట్యూబు లాగాలి, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎక్కడొస్తోందో చూడాలి, గీకాలి, అతకాలి, ఆరనివ్వాలి. అంతసేపూ ఆయన ఆవిడ ఎదట చెక్కపెట్టె మీద కూర్చుని ఉండాల్సొచ్చింది. వెళ్తూ, నేను వచ్చినట్టు ఎక్కడా అనకండి అని మెల్లగా చెప్పారు. ఆవిడ తలూపింది.

చిట్టియ్య పక్షం ఓడిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఊరంతా ఒకటే మాట. వితంతువు మొహం చూసి వెళ్తే ఇంకేమవుతుంది? ఆ సాయంత్రానికి వీరాస్వామి బండి దిగనే దిగాడు. పది మంది పోగై పల్లంరాజు గారిని పిలుచుకొచ్చారు. ఆయన స్థలం, ఖాళీ చెయ్యమని ఆయన ఒక్క మాటంటే చాలు. చిట్టియ్య జరిగింది చెప్పాడు. కళ్ళు తెరవమని పట్టుబట్టింది కూడా చెప్పాడు. అందరూ పల్లంరాజు గారి నోటివైపు చూస్తున్నారు. ఆయన మాత్రం చెయ్యి సైకిలు మీద వేసుకుని కిందకి చూస్తున్నారు.

ఆవిడకి భయం వేసిందట. మా నాన్నతో తర్వాతెప్పుడో తనే చెప్పింది. నోరు మూసుకుంటే స్థలం దక్కుతుందేమో, నోరు తెరిస్తే ఆ పూటే వీధిలో పడతానేమో అనుకుందట. నోరు తెరిచింది.

"పల్లంరాజు గారూ, మీ వెనక చక్రం నిన్న పొద్దున్న అతికిందెవరండీ?"

పది మందీ ఆ చక్రం వైపు చూశారు. పల్లంరాజు గారు ఎర్రబడ్డారు. కాదని ఉంటే మా అచ్చాయమ్మ కథ అక్కడితో సరి. ఆయన సైకిలు మీంచి చెయ్యి తీసి, "మీరేనండి" అన్నారు.

"చిట్టియ్య గారు నన్ను రెప్పపాటు చూసి ఓడిపోయారు. మీరు ముల్లు తీసి అతుకు ఆరేదాకా చూసి గెలిచారు. నా మొహంలో ఏముందో మీలో మీరే తేల్చుకుని చెప్పండి," అందావిడ.

ఎవరూ ఏమీ తేల్చలేదు. మొదట పల్లంరాజు గారే నవ్వారు. స్థలం సంగతి ఆ తర్వాత ఆయన ఎత్తనేలేదు. ఒక్కొక్కరే జారుకున్నారు. వీరాస్వామి బేరం మాట నోటిదాకా తెచ్చుకుని మింగేసి, ఆ రాత్రికి వదినగారు వండిన అన్నం తిని పడుకున్నాడు.

తెల్లవారాక బండి కట్టారు. భర్త పోయినప్పటి నుంచీ ఇంట్లోంచి ఎవరు ప్రయాణం అవుతున్నా ఆవిడ పెరట్లోకి వెళ్ళిపోయి, బండి వీధి దాటాక గానీ బయటికి వచ్చేది కాదు. ఆ రోజు తలుపు తీసుకుని తిన్నగా వీధిలోకి నడిచి, ఎడ్ల ఎదటికి వచ్చి నిలబడింది. బండివాడు పగ్గాలు బిగబట్టి వీరాస్వామి వైపు చూశాడు.

"క్షేమంగా వెళ్ళిరండి, మరిదిగారూ," అందావిడ.

వీరాస్వామి తలెత్తి ఆవిడ మొహంలోకి చూసి, "వెళ్ళొస్తాను వదినా" అని, బండివాణ్ణి తోలమన్నాడు.