బత్తాయి రసం, కినెమా పులుసు

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాక నాన్న వంటింట్లో చేసే పని ఒక్కటే. రోజూ పొద్దున్నే నాలుగు బత్తాయిలు పిండి, వడకట్టి, గ్లాసుడు రసం అమ్మకిచ్చేవాడు. కలకత్తా దగ్గర లిలువాలో మా ఇంటికి ఎవరొచ్చినా ఆ గ్లాసు సంగతి చెప్పకుండా పంపేవాడు కాదు. అమ్మకు సుగరొచ్చినా మానలేదు. "పండే కదేటి, మందుకన్నా మంచిది" అనేవాడు.

పోయినేడు అమ్మ రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. సుగరు తగ్గితేగానీ ఆపరేషన్ చెయ్యనన్నాడు డాక్టరు. తెలుగు బైబిలు చదవందే అమ్మకు తెల్లారదు. ఇంట్లో తెలుగు గడగడా చదవగలిగేది ఆవిడ ఒక్కతే. నేను కూడబలుక్కుంటూ చదివి వినిపిస్తే "సాల్లేయే, దేవుడిక్కూడా నిద్దరొస్తాది" అని నవ్వేది. నవ్వి, బైబిలు మూసి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

ఏం తింటున్నారని డాక్టరు అడిగితే నాన్న గర్వంగా రసం సంగతి చెప్పాడు. డాక్టరు తల పట్టుకున్నాడు. నాలుగు పండ్ల తీపీ ఒక్క గ్లాసులో చేరుతుందట, పీచంతా చెత్తబుట్టలోకి పోతుందట. కావాలంటే ఒక పండు ఒలుచుకు తినమన్నాడు. అన్నం తగ్గించి పప్పులూ సోయా లాంటివీ పెంచమన్నాడు. నాకసలే ఓపిక తక్కువ. ఇంటికి రాగానే "ఇన్నాళ్లూ పంచదార తాగించింది నువ్వే!" అని నాన్న మీద విరుచుకుపడి, రసం తీసే గిన్నె అటకెక్కించేశాను. మర్నాడు పొద్దున్నే నాన్న అలవాటుగా వంటింట్లోకి వచ్చి, కాసేపు ఊరికే నిలబడి వెళ్లిపోయాడు. నా నోరు పడిపోను, అంత మాట ఎందుకన్నానా అనిపించింది.

సోయా అనగానే పక్కింటి దీదీ అందుకుంది. ఆవిడది డార్జిలింగ్ కొండల వైపు. ఉడికించిన సోయా గింజల్ని పులియబెట్టి కినెమా చేస్తుంది. ప్రొటీనుంది, పీచుంది, తీపి లేదు, పులిసింది గనక తేలిగ్గా అరుగుతుంది అంటూ ఓ పొట్లం తెచ్చింది. "బత్తాయిలో ఉన్న సి విటమిన్ ఇందులో ఉందేటి?" అని నాన్న అడ్డం తిరిగాడు. అది మాత్రం లేదని ఆవిడా ఒప్పుకుంది. పొట్లం విప్పాం. ఓరి నాయనో! గింజలు తీగలు తీగలుగా సాగుతున్నాయి, కంపు గుప్పుమంది. నేను ముక్కు మూసుకున్నాను. నాన్న మాత్రం వంగి వాసన చూసి, "అచ్చం ఎండుసేపేనే!" అన్నాడు.

అంతే, వంకాయలు కోసి, చింతపండు పిసికి, ఎండుచేపల పులుసు ఎలా పెడతామో అలాగే కినెమాతో పులుసు పెట్టేశాడు. కినెమాలో చింతపండా అని దీదీ నెత్తి కొట్టుకుంది. "పాసిపోయిన గింజలంటే మీ యమ్మ ముట్టదు. సేపనే సెప్పండి" అని నాన్న మమ్మల్ని హెచ్చరించాడు.

అమ్మ తింది. "ఈ సేపకి ముళ్లు లేవేటి?" అని అడిగింది.

"నానే తీసేసినాను, ఒక్కోటీ" అన్నాడు నాన్న. నేను నవ్వాపుకోలేక పెరట్లోకి పరిగెత్తాను.

అలా కొన్ని నెలలు గడిచాయి. మాత్రలూ నడకా కూడా ఉన్నాయి, అంతా కినెమా మహిమే అంటే డాక్టరు ఊరుకోడు. మొత్తానికి సుగరు దిగింది, కళ్లకు ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ అయింది. రెండో కట్టు కూడా విప్పిన వారానికి అమ్మ బైబిలు తెరిచి ఒక పేజీ గడగడా చదివేసింది. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది. ఆ మధ్యాహ్నం నాన్న అమ్మ కంచంలో పులుసు వేశాడు. గరిటె నుంచి కంచం దాకా సన్నటి తీగ సాగింది. అమ్మ దాన్నే చూస్తోంది. అయిపోయాం రా బాబూ అనుకున్నాను.

"మొదటి ముద్దకే తెలిసింది, ఇది సేప కాదని. కళ్లు మసకేసినాయి గానీ నాలిక మసకేసిందేటి?" అంది అమ్మ.

"మరెందుకు తిన్నావే?" అన్నాడు నాన్న.

"గిన్నె అటకెక్కిన మర్నాడు నువ్వు వంటింట్లో ఒట్టి సేతుల్తో నిలబడ్డావు. అది మసకలో కూడా అగుపడింది నాకు."