పోలిరాజు జీపుకి బ్యాటరీ కుదరడం

పోలిరాజు దారిన పోయే వాణ్ణయినా నమ్ముతాడు గాని బ్యాటరీని నమ్మడు. కార్బురేటర్‌ని అసలే నమ్మడు. ఈ రెండూ నమ్మకంగా కుదిరేదాకా తన జీపులో భార్య పుష్పరాణిని ఎక్కించుకోనని కూర్చున్నాడు. ఆ కుదిరే రోజు ఏళ్ళు గడిచినా రాలేదు. ఊళ్ళోవాళ్ళంతా ఎక్కిన జీపుని ఆ ఇల్లాలు వాకిట్లో నిలబడి చూడ్డమే.

ఆయన కలకత్తా కార్పొరేషన్‌లో నీళ్ళ ట్యాంకరు నడిపి రిటైరయ్యాడు. ఆ జీపు వేలంలో కొన్న పాత పెట్రోలు బండి. కొండలూ గుట్టలూ ఎక్కడానికి పుట్టింది. వాళ్ళుండే మెటియాబ్రుజ్‌లో కొండలెక్కడివి? ఫ్లైఓవర్ ఎక్కడమే దానికి మహా పర్వతారోహణ. అదెక్కినప్పుడల్లా బానెట్ మీద చెయ్యేసి, "బెదరకే, బెదరకు" అని బుజ్జగిస్తాడు. పెళ్ళాంతో ఆ గొంతుతో మాట్లాడగా ఎవరూ వినలేదు.

బ్యాటరీ కొనాలంటే ఆయనకి పెళ్ళిచూపులే. బ్యాటరీల షాపు బెంగాలీ ఆయన దూరం నుంచే చూసి షట్టరు సగం దించేవాడు. పోలిరాజు వంగి ఆ సగంలోంచే దూరేవాడు.

"దీని పుట్టినరోజెప్పుడు దాదా?"

"బ్యాటరీకి పుట్టినరోజేమిటి దాదా?"

"తయారైన తేదీ. షాపులో నెలల తరబడి కూర్చున్న బ్యాటరీ పెళ్ళికి ముందే ముసలిదైపోద్ది."

తేదీ నచ్చితే బరువు చూసేవాడు, బరువు నచ్చితే యాసిడ్ చూసేవాడు. అన్నీ నచ్చితే ఇంటికి తెచ్చి మంచం పక్కన పెట్టేవాడు. వారం రోజులు ఊరికే ఉంచి, పనీ పాటా లేకుండానే చార్జి దిగిపోతోందేమో కనిపెట్టాలట. పుష్పరాణి అటు తిరిగితే మొగుడు, ఇటు తిరిగితే బ్యాటరీ. రెంటిలో గురక పెట్టనిది బ్యాటరీయే కాబట్టి ఆవిడ అటే తిరిగి పడుకునేది.

కార్బురేటర్ల సంగతి మరీ అన్యాయం. పాత సామాన్ల బజారులో ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని కొబ్బరికాయలా ఊపేవాడు. లోపల తేలే బుడ్డి చిల్లుపడి అందులోకి పెట్రోలు చేరితే గలగలమంటుందట. గలగలమననిది దొరికితే ఇంటికి తెచ్చి, ముక్కలు ముక్కలుగా విప్పి, వంటింట్లో ఆరబెట్టేవాడు.

"ఒలమ్మ ఒలమ్మ! పోపుల పెట్టిలో ఈ ఇత్తడి ముక్కేటయ్యా?" అని ఒకరోజు ఆవిడ కేకేసింది.

"అది జెట్టే. కార్బురేటర్‌కి గుండెకాయ. పారీకు!"

"ఇది పడున్న ఆవాల్తోటే పప్పుకి పోపెట్టీసినాను గదా!"

"మరి పెట్రోలు కంపు కొట్టలేదేటి?"

"కొట్టింది. మీ అప్పలసూరి బాగుందని రెండోమారు ఏసుకున్నాడు."

అప్పలసూరి పక్కింటాయన, జీపుకి ఆస్థాన ప్రయాణికుడు. చేపల బుట్టలు, డప్పుల మేళం, పక్క వీధి పెళ్ళివారు, అందరూ ఆ జీపెక్కారు. సగం దారిలో దిగి తోశారు కూడా. పుష్పరాణి అడిగితే మాత్రం ఒకటే జవాబు.

"ఆళ్ళెక్కితే పరీచ్చ. నువ్వెక్కితే ప్రయాణం. పరీచ్చ ఇంకా అవలేదు."

ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. మండదా మరి?

విశ్వకర్మ పూజ నాడు ఆ మంట కాస్తా పైకి లేచింది. ఆవిడ చెల్లెలి కూతురు చిన్మయి ఊరికి ఆ చివర న్యూ టౌన్‌లో కుట్టు షాపు తెరుస్తోంది. చిన్మయికి సూదిలో దారం ఎక్కించడం నేర్పింది పుష్పరాణే. మిషన్లకి దండలు వేశారు. పెద్దమ్మ వచ్చి దీపం వెలిగిస్తే గాని ఒక్క మిషనూ తొక్కనని ఆ పిల్ల పట్టు పట్టింది. బయట చూస్తే కుండపోత. వీధులు కాలవలయ్యాయి. ఫోన్‌లో పిలిచిన క్యాబులన్నీ రామని మొహం చాటేశాయి.

"జీపు తియ్యి," అంది పుష్పరాణి.

"ఇవాళ ఇనుముకి సెలవే. విశ్వకర్మ పూజ నాడు పని సెప్పకూడదు. పైగా ఈ బ్యాటరీ..."

"ఇవాళ నన్నెక్కించుకుంటావా, లేపోతే రేపు పాత ఇనప సామాన్లోడు దీన్ని ఎక్కించుకుంటాడా? ఏదోటి తేల్చు."

పోలిరాజు ఆవిడ మొహం చూశాడు. జీపుకి టాపు బిగించి తాళం తీశాడు. జీపు ఒక్క తిప్పుకే అందుకుంది. అందుకున్నందుకు ఆయన సంతోషించలేదు, ఇంకా అనుమానపడ్డాడు. దారి పొడుగునా ఒక చెవి ఇంజను మీదే. ఆ అనుమానమే నిజమైంది. సగం దారిలో, మోకాళ్ళ పైదాకా నిలిచిన నీళ్ళలో, బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

పుష్పరాణి నిట్టూర్చి, చీర కుచ్చెళ్ళు ఎత్తి కాలు బయట పెట్టబోయింది.

"దిగకు!" అని పోలిరాజు పెట్టిన కేకకి పక్కన రిక్షావాడు ఉలిక్కిపడ్డాడు.

"తొయ్యొద్దేటి మరి? నానేటి ఉప్పు బస్తానా, కరిగిపోడానికి?"

"దిగినావంటే నా మీదొట్టే." ఆయన అప్పటికే నీళ్ళలోకి దూకేశాడు. "దీన్ని కొన్న కొత్తలో, దుర్గా పూజ పందిరి ముందల ఇలగే ఆగిపోతే నిన్ను తొయ్యమన్నాను. మీయమ్మ పెట్టిన ఆకుపచ్చ పట్టుచీర నీ ఒంటి మీద. కాలు జారి నీళ్ళలో కూలబడిపోనావు. జనమంతా నవ్వినారు."

"నానూ నవ్వినాను గదయ్యా!"

"అక్కడ నవ్వినావు. ఇంటికొచ్చి చీర పిండుకుంటూ ఏడిసినావు. తలుపవతల నానున్నాను. మజ్జిలో ఆగని బండైతేనే నిన్నెక్కించాలని ఆవేళే అనుకున్నాను. ఊరోళ్ళు తోస్తే తొయ్యనీ. నువ్వు తొయ్యకూడదు."

పుష్పరాణి ఎత్తిన కుచ్చెళ్ళు దించి కాలు లోపలికి లాక్కుంది. నోట మాత్రం తిట్టే వచ్చింది. "ఓరి నీ తస్సాదియ్య! ఈ ముక్క ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే, పర్నేదు, తోస్తాను పదమంటావు. నాకు తెల్దేటి నీ సంగతి?"

ఆయన స్టీరింగు ఆవిడ చేతిలో పెట్టి, వెనక్కి వెళ్ళి భుజం ఆనించాడు. రిక్షావాడు కూడా ఓ చెయ్యి వేశాడు. జీపు మీద పుష్పరాణి, ఊరేగింపులో అమ్మవారిలా బిగుసుకుని కూర్చుని, మిట్టదాకా వచ్చింది. అక్కడ ఆయన తడిసినవన్నీ తుడిచి తాళం తిప్పాడు. ఇంజను పలికింది.

న్యూ టౌన్ చేరి షాపు మెట్లకి ఆనించి జీపు ఆపేసరికి పంతులుగారు చేతి గడియారం చూసుకుంటున్నారు. పుష్పరాణి దీపం వెలిగించింది. చిన్మయి పెద్దమ్మని పైనుంచి కిందికి చూసి తెల్లబోయింది.

"అదేంటి పెద్దమ్మా! ఊరంతా మునిగిపోయింది, నీ చీర అంచు కూడా తడవలేదు?"

పుష్పరాణి గుమ్మం వైపు చూసింది. పోలిరాజు లోపలికి వస్తే నేల తడుస్తుందని బయటే నిలబడి చొక్కా పిండుకుంటున్నాడు.

"నా వాటా కూడా మీ పెదనాన్నే తడిసీసినాడమ్మా," అంది. "ముందో తువ్వాలు అట్టుకురా."