అక్కకి తెచ్చిన రొట్టె

మొన్న రాజమండ్రిలో చర్మం డాక్టరు గారి గది బయట కూర్చుని మనవరాలి బుగ్గల వంక చూస్తుంటే, నేను ఏ కాలంలో ఉన్నానో నాకే కాసేపు తెలియలేదు. మా అబ్బాయి కూతురు అది, హైస్కూల్లో చదువుతోంది. కొన్నాళ్ళుగా దాని బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉంటున్నాయి, మోచేతుల మీద చిన్న పొక్కులు లేచి ఒకటే దురద. ఎండకేమో అని కొన్నాళ్ళు, సబ్బు పడలేదేమో అని కొన్నాళ్ళు, ఇంట్లో ఎవరికి తోచిన పూత వాళ్ళం పూశాం. డాక్టరమ్మ గారు ముఖం కంటే మోచేతులనే ఎక్కువసేపు చూసి, తిండి గురించీ కడుపు గురించీ అడిగి, రక్తపరీక్షలు చేయించి, కడుపు డాక్టరు గారి దగ్గరికి పంపారు. తేలిందేమిటంటే పిల్లకి గోధుమ పడదట. సీలియాక్ అనే జబ్బట. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం వల్ల పేగు దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టక, కొందరికి చర్మం మీద కూడా ఇలా తేలుతుందట. బుగ్గలు ఎర్రబడ్డ ప్రతివాళ్ళకీ ఇదే అనుకోవద్దని కూడా ఆయన చెప్పారు. కోడలు ఇంకా ఏవేవో అడుగుతోంది గానీ నాకు ఆ తరువాతి మాటలేవీ చెవికెక్కలేదు, మా అక్క గుర్తొచ్చింది.

నరసాపురంలో మేమున్న పేటలో ఆడవాళ్ళందరూ లేసు అల్లేవారు. నాన్న మిషను స్కూల్లో గుమాస్తా, అమ్మా అక్కా మధ్యాహ్నం వంటిల్లు సర్దుకోగానే అరుగు మీద కూర్చుని దారం ఉండలు ఒళ్ళో పెట్టుకునేవారు. అక్క అల్లిక అంటే పేటలో పేరు. మాటల్లో పడి చేతిలోది చూడకుండానే అల్లేసేది, ఒక్క కన్ను జారేది కాదు. అలాంటి అక్కకి పెళ్ళీడు వచ్చేసరికి బుగ్గలు ఎర్రబడ్డాయి. మొదట్లో అందరం ఆటపట్టించాం, పౌడరు డబ్బా ఎక్కడ దాచావని నేను దాని పెట్టె వెతికాను కూడా. తరువాత మోచేతులకి పొక్కులొచ్చి, గోకితే నెత్తురు చిమ్మి, తెల్లటి లేసుకి మరకలంటడం మొదలైంది. పాత చీర ముక్కలు మోచేతులకి చుట్టుకుని అల్లేది. ఆపైన కడుపు చెడింది, మనిషి చిక్కిపోయింది.

ఇక మన వైపు సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది? అన్నం తినే మనకి గోధుమ అంటే జబ్బు మనిషి తిండి. జ్వరమొచ్చినా కడుపు చెడినా ముందు అన్నం మానిపించి, బ్రెడ్డూ పాలూ, గోధుమ జావా పట్టేవారు. బ్రెడ్డు పొట్లం పట్టుకుని వీధిలో వెళుతుంటే, ఎవరికి బాలేదండీ అని ఎదురుపడ్డవాళ్ళు అడిగే రోజులవి. అక్కకి అన్నం పడటం లేదని అమ్మ తీర్మానించింది. నాన్న సాయంత్రం వస్తూ స్టేషను దగ్గర బేకరీలో రొట్టె తెచ్చేవారు. పొద్దున్నే అమ్మ గోధుమలు దోరగా వేయించి, విసిరి, జల్లించి జావ కాచేది. ఆ జావ గ్లాసు పట్టుకుని అక్క పక్కన కూర్చుని, “ఇంకొక్క గుటక తాగమ్మా, ఒంట్లో బలముంటే మొహం అదే తేటపడుతుంది” అని బతిమాలేది. అక్క కళ్ళు మూసుకుని తాగేది, అమ్మ మొహం చూసి తాగేదని ఇప్పుడనిపిస్తుంది.

నాకు ఆ రొట్టె మీద ఎంత ఆశో చెప్పలేను. జబ్బు మనిషి తిండి తినకూడదని అమ్మ నన్ను దాని మంచం దగ్గరికే రానిచ్చేది కాదు. అక్క మాత్రం దిండు కింద ముక్కలు దాచి, అమ్మ బావి దగ్గరికెళ్ళగానే నాకు సైగ చేసేది. నేను తిన్న ముక్కలు దాని కడుపులో పడలేదని తలుచుకుంటే, ఇన్నేళ్ళ తరువాత, ఇంకాస్త తిండిపోతునై ఉంటే బాగుండేదనిపిస్తోంది.

పేటలోవాళ్ళు అది పెద్దరోగమేమోనని, కుష్ఠేమోనని గుసగుసలు మొదలెట్టారు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముక్క తిన్నాక ద్రాక్షరసం తాగడానికి అప్పట్లో అందరికీ ఒకే గిన్నె. అక్క తాగాక ఆ గిన్నె అందుకోకుండా ఒకావిడ తల తిప్పేసుకుంది. ఎంతో భక్తి గల మనిషి, ప్రార్థన మొదలుపెడితే ఆపేది కాదు. ఆ తరువాత నుంచి అక్క అందరి వెనకా, చిట్టచివర మోకరించేది. ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక వేసవికి గాలి మార్పుకని అక్కని రేవు దాటించి పెద్దమ్మ ఊరికి పంపారు. పెద్దమ్మా వాళ్ళు కూలి చేసుకునేవాళ్ళు, ఆ ఊళ్ళో బ్రెడ్డు అమ్మే కొట్టే లేదు. పొద్దున్న పులిసిన తరవాణి నీళ్ళలో చద్దన్నం, మధ్యాహ్నం చేపల పులుసు, రాత్రి మిగిలిన అన్నం గంజిలో. సెలవులయ్యాక అక్క రేవులో పంటు పడవ దిగుతుంటే నేను గుర్తుపట్టలేదు. బుగ్గల ఎరుపు తగ్గింది, మోచేతులకి మచ్చలే మిగిలాయి, నవ్వుతోంది. అమ్మ రేవులోనే ఏడ్చేసింది. గోదావరి అవతలి గాలి మహిమని అందరం అనుకున్నాం. వచ్చిన ఆరోగ్యం నిలబడాలని ఆ మర్నాటి నుంచే అమ్మ రెండు పూటలా జావ కాచింది, నాన్న ఇంకా పెద్ద రొట్టె తెచ్చారు.

ఎరుపు మళ్ళీ వచ్చింది. ఈసారి పెద్దమ్మ ఊరికి పంపడానికి మనిషిలో ఓపిక లేదు. డాక్టరు గారు రక్తం లేదని టానిక్కులిచ్చారు, బలమైన తిండి పెట్టమన్నారు. ఆ వానాకాలం దాటకుండానే అక్క పోయింది. చివరి రోజున కూడా అమ్మ రొట్టె పాలలో నానబెట్టి చెంచాతో పెట్టింది. తరువాత బతికున్నన్నాళ్ళూ, పిల్లకి ఏ లోటూ చేయలేదు, కడదాకా నా చేత్తో తినిపించాను అని చెప్పుకుని ఊరట పడేది. అమ్మకి మిగిలిన ఊరట అదొక్కటే.

ఇప్పుడు షుగరు భయంతో మన ఇళ్ళల్లో రాత్రిపూట అన్నం పోయి చపాతీ వచ్చింది. మా ఇంట్లోనూ అంతే. ఇప్పుడు మనవరాలి కోసం దాని పళ్ళెం వేరు, పెనం వేరు చేశాం. బుగ్గలు మెల్లగా తేటపడుతున్నాయి, పొక్కులకి మందు కూడా వాడుతోంది. ఈ ఈస్టరుకి అది మొదటిసారి ప్రభువు బల్లలో చేయి వేయాలి, అంటే అందరితో పాటు ఆ రొట్టె తినాలి. మొహమాటపడుతూ వెళ్ళి అడిగితే పాస్టరు గారు, “బియ్యప్పిండి రొట్టె అయితే ప్రభువు కాదంటాడా అమ్మా, చేసి తీసుకురండి, వేరే పళ్ళెంలో పెడదాం” అన్నారు. గిన్నె కూడా ఇప్పుడు ఒకటి కాదు, ఎవరి చిన్న గ్లాసు వాళ్ళదే. ఈస్టరు నాడు దాని పక్కన మోకరించినవాళ్ళెవరూ తల తిప్పుకోలేదు. అక్క ఇంకో నలభై ఏళ్ళు ఆగి పుట్టి ఉంటేనా అని పదే పదే అనుకున్నాను.

ఆ ఈస్టరు తెల్లవారుజామునే, ఏటా వెళ్ళే ఆనవాయితీ కొద్దీ, అందరితో పాటు సమాధుల తోటకి వెళ్ళాను. అక్కా అమ్మా పక్కపక్కనే ఉంటారు. అక్క దగ్గర పూలు పెట్టి, వంగి, దాని జబ్బు పేరు చెప్పాను, నీ మనవరాలు బాగుపడుతోందే అని చెప్పాను. తరువాత అమ్మ దగ్గర కొవ్వొత్తి వెలిగించి, పిల్లలందరూ బాగున్నారమ్మా అన్నాను. రొట్టె సంగతి మాత్రం అమ్మకి చెప్పలేదు. అక్కకి చెప్పినప్పుడు కూడా, పక్కనే కదా, అమ్మకి వినపడుతుందేమోనని గొంతు బాగా తగ్గించే చెప్పాను.