డెబ్బై ఏళ్ల పోరడు

ఇది రాయొద్దనే అనుకున్నాను. బతికున్నప్పుడు పెట్టిన పరేషాన్ చాలదా, పోయాక కూడా ఆయన కోసం కాగితాలు ఖరాబు చేయాలా అనిపించింది. ఈ నెల మొదట్లో మా పక్కింటి కాక పోయాడు. తొంభై దాటిన మనిషి. పొద్దున చాయ తాగి, అది చల్లగుందని కోడలి మీద గరమై, మంచం మీద ఒరిగాడు. అంతే.

మా దిక్కు పోరడు అంటే మీసం రాని పిల్లగాడు. కాక లెక్క వేరు. తనకంటే చిన్నవాడు ఎవడైనా పోరడే. మోకాళ్లు పట్టేసి, పళ్లు సగం రాలి, మనవలను ఎత్తిన నేనూ పోరణ్నే.

ఒకసారి ఇద్దరం కొండగట్టుకు బస్సెక్కాం. వృద్ధులకు అని రాసిన సీటు ఖాళీగా ఉంది. నేను కూర్చోబోతే రెక్క పట్టి లేపాడు.

"లెవ్వురా. ముసలోళ్లు ఎక్కితే ఏడ కూసుంటరు?"

"మనమే గద కాకా ముసలోళ్లం!"

"నేనే ఇంకా కాలే. నువ్వెట్లయితవు?"

కొండగట్టు దాకా ఇద్దరం రాడ్డు పట్టుకొని వేలాడాం. ఆ సీట్లో ఎవరిదో కొబ్బరికాయల సంచి దర్జాగా కూర్చుంది.

అదన్నా నయం. మా మనవరాలి సంబంధానికి లక్సెట్టిపేట వాళ్లు వచ్చిన రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా ఊళ్లో మాట ఖాయం చేసేది చాప మీద కూర్చున్న పెద్దమనుషులే. పిల్ల పరీక్షలయ్యాక లగ్గం పెట్టమందామని గొంతు సవరించుకున్నాను.

"వాడు పోరడు, వాన్ని అడుగుతరేంది?" అన్నాడు కాక. "పోయి చాయలు పట్టుకరాపో."

సొంత మనవరాలి లగ్గం! చాయలు మోశాను. తిరిగి వచ్చేసరికి పరీక్షలయ్యాకే లగ్గమని కాక తేల్చేశాడు. పిల్ల ముందే ఆయనకు చెప్పుకుందట. తాతనైన నాకు చెప్పలేదు.

ఆ సాయంత్రం కాకతో గట్టిగానే కొట్లాడాను. ఆయన చుట్ట ఆర్పకుండానే అన్నాడు: "పెద్దరికానికి ఏం తొందరరా? రేపు మాట తప్పయితే తిట్లు నాకే వడ్తయి. నువ్వు జర నిమ్మలంగుండు."

మొన్న కాక దినాలు అయ్యాయి. దుబాయి నుంచి ఆయన మనవడు తన లగ్గం కోసమే సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఇంట్లో చావైంది కాబట్టి ఏడాది ఆపాలని కాక పెద్దకొడుకు, సెలవు మళ్లీ దొరకదని చిన్నకొడుకు. మాటలు పెరిగాయి. చివరికి నన్ను తెచ్చి చాప నడుమ కూర్చోబెట్టారు.

"అన్నా, ఇగ పెద్దమనిషివి నువ్వే. ఎట్లంటే అట్ల."

అందరూ నా మొహమే చూస్తున్నారు. ఆ మనవడు కూడా.

చాయలు పట్టుకరాపో అనేందుకు కాక లేడు. మంచినీళ్లు అడిగాను. కోడలు తెచ్చి ఇచ్చింది.